ఎడమ అంచున నిలబడ్డవాడు

తంతి వచ్చేసరికి సైలస్ హాల్‌స్టెడ్ కొత్త బూట్లు తొడుక్కుని, రెండు కాళ్ళూ వేడినీళ్ళ తొట్టిలో పెట్టుకుని, పొయ్యి ముందు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కొత్త తోలు కాలికి అమరాలంటే వేరే దారి లేదు. గంటసేపు కాలితో సహా నానాలి, ఆ తరవాత కాలి మీదే ఆరాలి. అందుకే తలుపు తట్టకుండా లోపలికి దూసుకొచ్చిన జేబెజ్‌ని చూసి కూడా లేవలేకపోయాడు. ఊరి ఫుట్‌బాల్ జట్టుకి కసరత్తు చేయించేదీ, దెబ్బలకి మందు రాసేదీ, ఓడిన రోజు తిట్లు తిట్టేదీ అన్నీ జేబెజే. అరవై దాటిన మనిషి. టోపీ అంచు నుంచి వాన నీళ్ళు కారుతున్నాయి, చేతిలో క్లబ్బు చిరునామాకి వచ్చిన కాగితం నలిగి ఉంది.

"లేవకురా, లేవకు. ఆ తోలు పాడుచేశావంటే కాళ్ళు విరగ్గొడతాను," అన్నాడు జేబెజ్. అని, తన మాటకి తనే నవ్వాడు. "అయినా ఇప్పుడు విరగ్గొట్టడానికి వీల్లేదులే. అవి ఇంగ్లండు కాళ్ళు."

"ఏంటి బాబాయ్?"

"శనివారం గ్లాస్గోలో, స్కాట్లాండు మీద. మధ్య వరసలో ఎడమ హాఫ్ బ్యాక్ నువ్వే. ముందు అనుకున్నవాడికి మోకాలు తిరిగిందట. రేపు పదింటి బండికి బయల్దేరమన్నారు. ముప్ఫై ఒకటొచ్చాక నువ్వు కనబడ్డావంటే, లండన్లో ఎవడో పెద్దమనిషి కళ్ళజోడు మార్చుంటాడు."

వెనక గదిలోంచి లెటీ పరుగెత్తుకొచ్చింది. మిల్లు నుంచి అప్పుడే వచ్చిన మనిషి, ఇంకా శాలువా తియ్యలేదు. కాగితం లాక్కుని చదివింది, మళ్ళీ చదివింది, మూడోసారి పైకి చదివింది. చదివి, చెక్కబూట్లతో రాతి నేల మీద టకటకమని నాలుగడుగులు చిందేసి, ముసలాయన రెండు బుగ్గలూ పట్టుకుని ముద్దుపెట్టేసింది.

"ఓసి పిల్లా, ముద్దులు వాడికి పెట్టు, నాకెందుకు!" అని జేబెజ్ ఎర్రబడ్డాడు. గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. "జోయెల్ గాడి స్థానం. వాడు పోయినా, వాడి నేస్తానికే వచ్చింది. వాడు చూస్తూనే ఉంటాడు సైలస్," అన్నాడు. అని వానలోకి వెళ్ళిపోయాడు, ఊరంతా చాటడానికి.

లెటీ వంగి సైలస్ నుదుటి మీద ముద్దుపెట్టింది. బంతిని తలతో కొట్టి కొట్టి, దాని కుట్లు ఒరుసుకుని కాయకట్టిన చోట. "ఇవాళ వంట చెయ్యను. ఇంగ్లండు ఆటగాడి పెళ్ళాన్ని, నేను వంట చేస్తానా? గిన్నె పట్టుకెళ్ళి మూల కొట్లో మాంసం, దుంపలు పెట్టి కాల్చిన పై రొట్టె తెస్తాను. దారిలో అమ్మకి చెప్తాను, పక్కింటికి చెప్తాను, నన్ను చూస్తే మొహం తిప్పుకునే ఆ పాలావిడకి రెండుసార్లు చెప్తాను. నువ్వు కదలకు," అంది. ఆమె వంగినప్పుడు జుట్టులో చిక్కుకున్న దూది పోగు ఒకటి సైలస్‌కి అందింది. తీశాడు. పెళ్ళయిన ఈ ఆరునెలల్లో రోజూ సాయంత్రం అతను చేసే పని ఇదే. మగ్గాల గదిలో పదిగంటలు నిలబడి వస్తుంది, తల నిండా తెల్లటి నూగు, మంచు కురిసిన కంచెలాగా. ఒక్కొక్క పోగూ తీస్తూ ఉంటే ఆ రోజు ఎవరు ఎవరితో ఏమన్నారో చెబుతూ ఉంటుంది. ప్రపంచంలో ఇంతకంటే హాయైన పని ఉంటుందని సైలస్ అనుకోడు. తలుపు మూసుకుంది. చెక్కబూట్ల చప్పుడు వీధి వెంట దూరమైంది.

ఇప్పుడు నీళ్ళూ తనూ. పొయ్యిలో బొగ్గు చిటపటమంటోంది. సంతోషించాలి, అనుకున్నాడు సైలస్, ఇది సంతోషించాల్సిన గంట, పదకొండేళ్ళ నుంచి ఈ గంట కోసమే కదా, నిజానికి ఇంకా ముందు నుంచే, మిల్లు వెనక సందులో గుడ్డపేలికలు చుట్టి తాడు కట్టిన ఉండని తన్నినప్పటి నుంచి. ఒక గోల్‌స్తంభం దీపస్తంభం, ఇంకోటి జోయెల్ కోటు. ఆ కోటు ఎప్పుడూ తడిసేది, జోయెల్‌కి వాళ్ళమ్మ చేత ఎప్పుడూ దెబ్బలే. అయినా కోటు తీసి పెట్టేది వాడే, నీ కోటు కొత్తదిరా సైలస్ అనేవాడు. పన్నెండేళ్ళకి ఇద్దరూ పొద్దున మిల్లుకీ మధ్యాహ్నం బడికీ, బడిలో బల్ల మీదే నిద్ర, మాస్టరు బెత్తం. మగ్గాల గది హోరులో ఎంత అరిచినా వినబడదు, అందుకని అక్కడ మాటలకి గొంతు అక్కర్లేదు, పెదవులు చాలు. వాళ్ళమ్మలిద్దరూ గది ఈ చివరా ఆ చివరా నిలబడి, మధ్య ఎనభై మగ్గాలు మోగుతుంటే, రాత్రి కూర ఏం వండాలో మాట్లాడుకునేవాళ్ళు. ఆ పెదవుల మాట ఇద్దరికీ అమ్మల దగ్గరే వచ్చింది. బడిలో మాస్టరు వీపు వెనక, ప్రార్థనా మందిరంలో పాస్టరుగారి మొహం ముందు, తరవాత తరవాత ముప్ఫైవేల మంది కేకల మధ్య మైదానంలో. ఎడమకి వెయ్యి, వెనక మనిషున్నాడు, వదిలెయ్, నాది. ఎదుటి జట్లవాళ్ళు వీళ్ళు మంత్రాలేస్తారనేవాళ్ళు. రాథెన్‌షా జట్టులో హాల్‌స్టెడ్‌కీ జోయెల్ ప్రాక్టర్‌కీ నాలుక లేదు అని ఒకసారి పత్రికలో రాశారు. జోయెల్ ఆ ముక్క కత్తిరించి హెస్టర్‌కి ఇచ్చాడు, చూడు, నీ మొగుడికి నాలుక లేదట, అదృష్టవంతురాలివి అని.

హెస్టర్. ఇప్పటికి ఎవరో చెప్పేసే ఉంటారు. ఈ ఊళ్ళో కబురుకి రెక్కలుంటాయి. వీధి మలుపు దగ్గర, నీలి తలుపు ఇంట్లో, చంటిపిల్లని ఒళ్ళో పెట్టుకుని వింటుంది. విని ఏమంటుందో. మంచిది అంటుంది. అంతే. పదకొండు వారాల నుంచి ఆమె అన్నదల్లా అదే. సమాధి రాయి చెక్కిస్తాం అమ్మా అని క్లబ్బు పెద్దలు వెళితే, మంచిది. దాని మీద 'మైదానం విడువని వీరుడు' అని రాయిస్తాం అంటే, మంచిది, మీకేది ఇష్టమైతే అది రాయించుకోండి, ఆయన మీ మనిషేగా. అలా అందని లెటీ చెప్పింది, దూది పోగులు తీస్తుంటే. హెస్టర్‌ది పక్క మగ్గమే కదా. సమాధి దగ్గరికి ఒక్క ఆదివారం కూడా వెళ్ళలేదట. ఎందుకు వెళ్ళాలి, నేనూ పిల్లా ఉన్నామని తెలిసి, అందరూ ఇంటికి పొమ్మంటే, పోనన్నవాడి దగ్గరికి నేనెందుకు పోవాలి అందట, ఒక్కసారి, మగ్గం ఆపకుండా, పెదవులతో. లెటీ అది చెప్పి కళ్ళు తుడుచుకుంది. సైలస్ పోగులు తీస్తూనే ఉన్నాడు. అందరూ పొమ్మన్నారన్నది ఎవరు చెప్పారు? తనే. తను ఒక్కడే చెప్పాడు. ఎవరూ పొమ్మనలేదు.

బూటు లోపల వేళ్ళు కదిపాడు. తోలు ఇంకా బిగుసుగానే ఉంది. మొదటి జత బూట్లు గుర్తొచ్చాయి. అప్పుడు ఇరవై ఏళ్ళు. బ్లాక్ బుల్ సారా దుకాణం పై గదిలో సంతకం పెట్టించుకుని, తోలు వాసన వచ్చే ఆ జత చేతికిచ్చారు. మర్నాడే జోయెల్‌కీ ఇచ్చారు. ఇద్దరూ ఒకే తొట్టిలో నాలుగు కాళ్ళు పెట్టి కూర్చున్నారు, సైలస్ వాళ్ళ ఇంట్లో, నీళ్ళు నేలంతా, వాళ్ళమ్మ చీపురు తీసుకుని తరిమింది. ఆ తరవాత ఏళ్ళు. బురద. జనవరిలో గడ్డకట్టిన నేల మీద పడితే మోకాలి తోలు ఎలా ఊడుతుందో, వానలో తడిసిన బంతి ఎంత బరువెక్కుతుందో, అది గాల్లోంచి దిగుతూ ఉంటే కుట్లు ఇటు తిరగకుండా ఉంటే బాగుండునని దేవుణ్ణి ఎలా తలుచుకుంటారో. రైలు పెట్టెలో పేకాట, గెలిచి వస్తుంటే స్టేషన్లో బాజాలు, ఓడి వస్తుంటే వెనక సందుల్లోంచి ఇళ్ళకి. జోయెల్ నాలుగుసార్లు ఇంగ్లండుకి ఆడాడు. వెళ్ళినప్పుడల్లా, దేశం తరఫున ఆడినవాళ్ళకిచ్చే కుచ్చున్న మఖమలు టోపీ ఒకటి తెచ్చేవాడు. మొదటిది తెచ్చిన రోజు నేరుగా సైలస్ దగ్గరికొచ్చి అతని తల మీద పెట్టి, అబ్బే, నీ తల పెద్దదిరా, నీకు వేరే కుట్టించాలి, కుట్టిస్తార్లే అన్నాడు. సైలస్ నవ్వాడు. నవ్వాడు గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అది అసూయా? అంత పెద్ద మాట కాదు. బూట్లో చిన్న మేకు లాంటిది. నడిస్తే తెలుస్తుంది, నిలబడితే తెలియదు. ఆ రోజు ఆ మేకు ఉందా? ఆ శనివారం, జోయెల్ పొట్ట పట్టుకుని తన దగ్గరికి వచ్చినప్పుడు? లేదు. ఉండదు. ఉందేమో. ఈ ప్రశ్న పదకొండు వారాల నుంచి వేసుకుంటూనే ఉన్నాడు, జవాబు రాలేదు. రాకపోవడమే భయంగా ఉంది.

కప్పు పోటీ. ఒక గోలు ముందున్నాం. ఇంకా ఇరవై అయిదు నిమిషాలు. గాలిలో బంతి కోసం జోయెల్ ఎగిరాడు, అవతలి గోల్‌కీపరు ముందుకు దూకాడు, వాడి మోకాలు జోయెల్ పొట్టలో దిగింది. కావాలని చేసింది కాదు. పాపం ఆ అబ్బాయి తరవాత అంత్యక్రియలకి వచ్చి గోడ పక్కన నిలబడి ఏడ్చాడు. జేబెజ్ పరుగెత్తి నీళ్ళు చల్లాడు, లేవదీశాడు. ఎముక విరగలేదు, రక్తం లేదు, అందుకే ఎవరూ అంతగా పట్టించుకోలేదు. జోయెల్ నడుచుకుంటూ వచ్చాడు కెప్టెన్ దగ్గరికి. కెప్టెన్ అంటే సైలస్. మొహం పిండిలా ఉంది. గొంతుతోనే, పెదవులతో కాదు, చెవిలో అన్నాడు: సైలస్, లోపల ఏదో తెగిందిరా. నేను ఇంటికి పోతాను. హెస్టర్ ఉంది ఇంట్లో. ఇంటికి పోతాను.

ఈ ఆటలో ఒకడు పోతే వాడి బదులు ఇంకొకడు రాడు. పదకొండుమందితో దిగినవాళ్ళు పది మందితో మిగలాలి. అందుకని ఎన్నేళ్ళ నుంచో అందరూ చేసే పని ఒకటుంది. కుంటివాణ్ణి, తల పగిలినవాణ్ణి, పక్కటెముక విరిగినవాణ్ణి తీసుకెళ్ళి ఎడమ అంచున నిలబెడతారు. వాడు పరుగెత్తక్కర్లేదు, బంతి తాకక్కర్లేదు. ఊరికే నిలబడితే చాలు, వాడి మీద కన్నేసి ఉంచడానికి అవతలి మనిషొకడు అక్కడ ఉండిపోతాడు. సైలస్ తనూ నిలబడ్డాడు, రెండేళ్ళ క్రితం, విరిగిన చీలమండతో అరగంట. అందరూ నిలబడినవాళ్ళే. నిలబడటం మామూలు. ఇంటికి పోతాననడమే ఎవరూ ఎన్నడూ అనని మాట. జోయెల్ లాంటివాడు ఆ మాట అన్నాడంటే విషయం ఎంతదో సైలస్‌కి తెలియాలి. తెలిసింది కూడా. తెలిసే అన్నాడు: ఇరవై అయిదు నిమిషాలేరా. పోయి అంచున నిలబడు. ఊరికే నిలబడు. నా కోసం.

నా కోసం. ఆ రెండు మాటలు ఎందుకన్నాడు? అవి లేకపోతే జోయెల్ పోయేవాడేమో. కోటు తడుస్తుందని తెలిసీ తీసి పెట్టేవాడు జోయెల్. నిలబడ్డాడు. తెల్లగీత పక్కన, కొద్దిగా వంగి, చెయ్యి పొట్ట మీద. ఒకసారి బంతి అటు వెళ్ళినప్పుడు సైలస్ చూశాడు. జోయెల్ తననే చూస్తున్నాడు. పెదవులు కదిలాయి. ఇంటికి. ముప్ఫైవేలమంది అరుస్తున్నారు, ఆ మాట విన్నది సైలస్ ఒక్కడే. ఇంకోసారి చూశాడు, మళ్ళీ అదే. పెదవుల మాట వినకూడదనుకుంటే ఒకటే మార్గం, మొహం తిప్పుకోవడం. చెవులకి చేతులు అడ్డం పెట్టుకుంటే లాభం లేదు. సైలస్ మొహం తిప్పుకున్నాడు. మిగిలిన ఆటంతా కుడివైపే ఆడించాడు. ఆ రోజు తను ఎంత బాగా ఆడాడో పత్రికలన్నీ రాశాయి. గెలిచారు. సోమవారం తెల్లవారుతుండగా ఆస్పత్రిలో జోయెల్ పోయాడు.

విచారణ బ్లాక్ బుల్ పై గదిలోనే జరిగింది, పదకొండేళ్ళ క్రితం సంతకాలు పెట్టిన అదే బల్ల ముందు. చావుల మీద విచారణ జరిపే అధికారి కరోనరుగారు దయగల మనిషి, నల్ల చేతితొడుగులు. దెబ్బ తగిలాక అతన్ని బయటికి వెళ్ళమని ఎవరూ అనలేదా హాల్‌స్టెడ్ అని అడిగారు. ముందు వరసలో హెస్టర్. సైలస్ నోరు తెరిచాడు. నిజంగా చెబుదామనే తెరిచాడు. వెళ్ళిపొమ్మన్నాం అయ్యా, ఎంత చెప్పినా వినలేదు, జట్టుని వదిలి రానన్నాడు. ఆ మాట ఎక్కణ్ణించి వచ్చిందో, అతని గొంతుతోనే వచ్చింది. గదంతా నిట్టూర్చింది. ఎవరో శభాష్ అన్నారు. హెస్టర్ మాత్రం తల ఎత్తి సైలస్ మొహంలోకి చూసింది, నమ్మలేనట్టు, అలాగా అన్నాడా, నన్ను తలవలేదా అన్నట్టు. చూసి, తల దించుకుంది. ఆ దించుకోవడంలో మొగుణ్ణి రెండోసారి పోగొట్టుకుంది. మొదటిసారి మోకాలు తీసుకుపోయింది, రెండోసారి సైలస్.

నీళ్ళు గోరువెచ్చనయ్యాయి. కిటికీ బయట దీపాలు వెలిగించేవాడు నిచ్చెన ఆనించుకుంటున్నాడు. చెబితే ఏమవుతుంది? జోయెల్ తిరిగి రాడు. ఊరు ఉమ్మేస్తుంది. వీరుణ్ణి ఇచ్చి వీరుణ్ణి లాక్కుంటావా అంటుంది. రాయి మీద మాటలు తప్పవుతాయి. క్లబ్బు పెద్దలు తల దించుకుంటారు. గ్లాస్గో ఉండదేమో. లెటీ ఈపాటికి ఎన్ని గడపలెక్కి చెప్పిందో, ఆ గడపలన్నీ మళ్ళీ ఎలా దాటుతుంది? ఆ టకటక చిందులు ఎలా వెనక్కి తీసుకుంటుంది? చెప్పకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు. అదే, ఏమీ కాదు. టోపీ వస్తుంది. తల పెద్దది కాబట్టి వేరే కుట్టిస్తారు. హెస్టర్ మగ్గం నడుపుతుంది. పిల్ల పెద్దదై మా నాన్న మాకంటే ఆటే ఎక్కువనుకున్నాడని ఎవరికైనా చెబుతుంది, గర్వంగా కాదు. వాడు ఇంటికే పోతానన్నాడని తెలిసినవాడు ఈ లోకంలో ఒక్కడు, వాడు బూట్లు నానబెట్టుకుంటున్నాడు.

తలుపు తెరుచుకుంది. చలిగాలితో పాటు లెటీ, గుడ్డ కప్పిన గిన్నె, వేడి మాంసం వాసన. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి.

"కొట్టాయన డబ్బులు తీసుకోలేదు తెలుసా! ఇంగ్లండుకి అమ్మానని బోర్డు పెట్టుకుంటాడట. అమ్మ ఏడ్చింది. పాలావిడ కూడా నవ్వింది, పళ్ళన్నీ కనబడేలా, మూడే ఉన్నాయనుకో." గిన్నె బల్ల మీద పెట్టింది. శాలువా ముడి విప్పుతూ నెమ్మదించింది. "మలుపు దగ్గర హెస్టర్ కనబడింది. పిల్లని ఎత్తుకుని గుమ్మంలో ఉంది."

"ఏమంది?"

"మంచిది అంది."

సైలస్ పొయ్యి కేసి చూశాడు.

"అని, నేను రెండడుగులు వేశాక వెనక్కి పిలిచింది," అంది లెటీ. "సైలస్‌కి ఒక మాట చెప్పు అంది. శనివారం దెబ్బ తగిలితే, ఎవరేమన్నా సరే, వదిలేసి ఇంటికి రమ్మను. మా ఆయనలా చెయ్యద్దను. ఇంట్లో నువ్వున్నావని గుర్తుంచుకోమను. అంతే అంది. పాపం, ఎంత మంచి మనిషో." ఆమె తొట్టి దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని వేలు ముంచింది. "అయ్యో, చల్లారిపోయాయి. కెటిల్ పెట్టనా? ఏంటి సైలస్? ఏమైంది?"

అతను చెప్పాడు. ఎంతసేపు చెప్పాడో తెలియదు, పెద్ద కథేమీ కాదు, ఇరవై అయిదు నిమిషాల కథ. గిన్నెలో పై రొట్టె చల్లారింది. అయిపోయాక లెటీ నేల మీదే కూర్చుండిపోయింది, చేతులు ఒళ్ళో పెట్టుకుని. ఆమె పెదవులు కదిలాయి, గొంతు లేకుండా. ఏమందో సైలస్ చదవగలడు. ఎందుకలా అన్నావు అంది. అతని కాళ్ళు తొట్టిలోంచి ఎత్తి ఒళ్ళో పెట్టుకుని, తడిసిన బూట్ల తాళ్ళు విప్పడం మొదలుపెట్టింది. నాని ముడి బిగుసుకుపోయింది. పంటితో లాగాల్సి వచ్చింది.

"నాకు చెప్పావు. ఇప్పుడేం చేస్తావు?" అంది, తల ఎత్తకుండా.

"రేపు నాలుగున్నరకి లేపు," అన్నాడు సైలస్. "హెస్టర్ అయిదున్నరకి మిల్లుకి బయల్దేరుతుంది. ఆలోపు వాళ్ళింటికి వెళ్తాను. నువ్వు రావద్దు. జోయెల్ నాతో ఏమన్నాడో, నేనేమన్నానో చెప్తాను. ఆవిడ వెళ్ళమంటే పదింటి బండి ఎక్కుతాను."

"వద్దంటే?"

"వద్దంటే జేబెజ్ దగ్గరికి వెళ్ళి, ఇంకో మనిషిని చూసుకోమని తంతి కొట్టిస్తాను. అక్కణ్ణించి కరోనరుగారి దగ్గరికి వెళ్తాను."

లెటీ రెండో బూటు లాగింది.

"నాలుగింటికే లేపుతాను," అంది. "గెడ్డం గీసుకోవాలి కదా."